సంతకం పైనున్న వరస

“రంగు వేసేది నేను. నువ్వు చేసేదేముంది, నాలుగు గీతలు గీయడమేగా!”

ఈ మాట మీ నానమ్మతో ఎన్నిసార్లు అన్నానో నాకు గుర్తులేదు. ఆమెకు గుర్తుంది. నూట పదకొండు సార్లు. “లెక్కపెట్టావా?” అని అడిగితే, “మొదట్లో పెట్టలేదు. బాధపడటం మానేశాక పెట్టాను” అంది.

రాసుకో అమ్మా. నా మాట నెమ్మది, నీ చెయ్యి నొప్పెట్టదులే. ఆమె ముందు గదిలోనే ఉంది. నేనెక్కడైనా కోతలు కోస్తే అక్కణ్ణుంచే దగ్గుతుంది. అప్పుడు కొట్టేసి మళ్లీ రాద్దాం.

మాది బోర్డులు రాసే పని. కొట్లకి, ఆసుపత్రులకి, లారీల వెనక, గోడల మీద. రేకుకి తెల్లరంగు పూసి ఆరబెట్టాలి. సుద్ద రాసిన దారాన్ని ఆ చివరా ఈ చివరా పట్టి, మధ్యలో లాగి వదిలితే సన్నటి గీత పడుతుంది. అట్లా పడిన రెండు గీతల మధ్య పెన్సిలుతో అక్షరాల అంచులు గీయాలి. ఆ అంచు దాటకుండా లోపల రంగు నింపాలి. ఇంతే పని. అంచులు గీసేది మీ నానమ్మ. నింపేది నేను. అన్నీ అయ్యాక కింద మూలన ఎర్రరంగుతో నా సంతకం పెట్టేవాణ్ణి.

నేను చదివింది రెండో తరగతి, అదీ సగం. అంకెలు వచ్చు. నా సంతకం వచ్చు. మిగతా అక్షరాలన్నీ నాకు బొమ్మలే. ఏనుగు బొమ్మకి రంగు వేయాలంటే ఏనుగుతో మాట్లాడటం రావాలా ఏమిటి? అట్లాగే నడిపించాను. మా నాన్న ఉన్నన్నాళ్లు ఆయన గీసేవాడు, నేను నింపేవాణ్ణి. ఆయన పోయిన నెలకి పెన్సిలు మీ నానమ్మ చేతికి వచ్చింది. ఆమె పది చదివింది. మా నాన్న అక్షరాలు కొయ్యబారినట్టు ఉండేవి. ఆమె అక్షరాలు ఇప్పుడే లేచి నడవబోతున్నట్టు ఉండేవి. ఊళ్లో అందరూ నా చెయ్యి తిరిగిందన్నారు. నేను కాదనలేదు.

ఇప్పుడు నేను చెప్పబోయేవి ఆమె అప్పట్లో నాతో అన్న మాటలు కావు. ఈ పదేళ్లలో, చిక్కుళ్లు ఒలుస్తూనో, బట్టలు మడతపెడుతూనో, ఒకటీ అరా రాల్చింది. నేను ఏరుకుని దాచుకున్నాను.

ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు, మధ్యలో తెర. తెల్లారితే నీళ్లు పట్టడం, మా అమ్మకి వేడినీళ్లు, వంట, గిన్నెలు, చంటిపిల్లకి పాలు. నిన్నటి నా కుంచెలు కిరసనాయిల్లో కడగడం కూడా ఆమె పనే. ఇవన్నీ అయ్యాక పదింటికి రేకు ముందు కూర్చునేది. ఒళ్లో పిల్ల, చేతిలో పెన్సిలు. బయట ఎవరిదైనా గొంతు వినపడితే పెన్సిలు జుట్టుముడిలో గుచ్చుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది. మా అమ్మ పెట్టిన కట్టుబాటు అది. “ఆడది గీసిన బోర్డని తెలిస్తే ఎవడు తగిలించుకుంటాడే తన కొట్టుకి? వాడి నోటికాడి కూడు తీస్తావా?” అనేది.

ఆమెకేమనిపించేదో చెబుతాను. బజారుకి వెళ్తే తల ఎత్తిన ప్రతిచోటా తన అక్షరాలే. చెప్పుల కొట్టు మీద తను గీసిన అక్షరం, మందుల షాపు మీద తను గీసిన అక్షరం, పళ్లు పీకే డాక్టరు గుమ్మం మీద తను గీసిన అక్షరం. ఇది కూర పొంగిపోయిన రోజు గీసింది, ఇది నడుం నొప్పితో గీసింది, ఇది పిల్లకి జ్వరమొస్తే ఒక కన్ను ఉయ్యాల మీద పెట్టి గీసింది, అని ఒక్కో బోర్డు కింద ఆగి అనుకునేదట. పక్కన నడుస్తున్న మనిషికి చెప్పడానికి లేదు. ఇన్ని ఇళ్ల నెత్తిన నా రాత ఉంది, నా నెత్తిన మాత్రం సంత బుట్ట ఉంది, అనుకుని తనలో తనే నవ్వుకునేది. ఇంటికొచ్చాక నేను “ఏంటి ఇంతసేపు? బజారు కొనుక్కొస్తున్నావా?” అనేవాణ్ణి.

సరే, తోక సంగతి చెప్పాలి. లేకపోతే నీకు మిగతాది అర్థం కాదు.

బట్టల కొట్టు బోర్డు అది. ఆఖరి అక్షరం గీస్తుండగా ఒళ్లో ఉన్న మీ మేనత్త, అప్పటికి తొమ్మిది నెలల పిల్ల, ఒక్క తన్ను తన్నింది. పెన్సిలు సర్రున జారి రేకు అంచుదాకా పోయింది. చెరుపుదామని రబ్బరు వెతుక్కుంటుంటే మా అమ్మ “ఏమే, పాలు పొంగుతున్నాయి!” అని కేకేసింది. పాలతో పాటు రబ్బరు సంగతీ పోయింది. మధ్యాహ్నం నేను కూర్చుని, గీత ఉంది కదా అని, ఆ జారిన గీతకి కూడా నిండుగా రంగు వేశాను. నాకేం తెలుసు? బొమ్మకి తోక ఉంది, వేశాను.

ఆమె చూసి తల పట్టుకుంది. కొట్టువాడు మాత్రం చూసి ఎగిరి గంతేశాడు. “ఏం తిప్పావయ్యా చివర!” అన్నాడు. వారంలో దర్జీ వచ్చాడు, తోక కావాలని. తర్వాత కళ్లజోళ్లవాడు. రెండేళ్లు తిరిగేసరికి ఊరంతా తోకలే. చివరికి బ్యాంకువాళ్లు కూడా, “మాకు మర్యాదగా, చిన్న తోక” అన్నారు.

మీ నానమ్మకి అదొక కొత్త చాకిరీ అయింది. ఒళ్లో పిల్ల తన్నకుండా ఆ తోక అంత విసురుగా రావాలంటే కష్టం. ఎడమ చేత్తో తన కుడి మోచేతిని తనే తట్టుకుని గీసేది. నలభై యాభై సార్లు కాగితం మీద తట్టుకుని తట్టుకుని సాధించింది.

మీ మేనత్తకి మూడేళ్లప్పుడు ఆడపిల్లల బడి పెద్ద టీచరమ్మ మన కొట్టుకి వచ్చింది. ఆవిడకి అక్షరాలంటే ఇష్టం. గోడకి ఆనించిన బోర్డులన్నీ ఒక్కొక్కటే చూసింది.

“ఈ తోక ఆలోచన మీదేనాండీ?” అంది.

“ఆఁ, ఏదో… ఒకరోజు కూర్చుని ఆలోచిస్తుంటే తట్టిందండీ” అన్నాను.

“ఎవరి దగ్గర నేర్చుకున్నారు ఈ చెయ్యి?”

“ఎవరి దగ్గరా లేదండీ. పుట్టుకతో ఉందంతే.”

తెర వెనక మీ నానమ్మ పిండి పిసుకుతోంది. చెయ్యి ఆగిపోయింది. మొదట నవ్వొచ్చిందట, ఒకరోజు కూర్చుని ఆలోచించారట అని. తర్వాత ఆ నవ్వు పోయింది. ఆమె మాటల్లోనే చెప్పాలంటే ఇది: “మీరు అబద్ధం ఆడినందుకు కాదు నాకు కష్టమనిపించింది. చదవడం రాదని దాచుకోవడానికి మీరు ఆడే అబద్ధాల్లో సగం నేనే అల్లి ఇచ్చాను. మీ పరువు నా పరువే అనుకున్నాను. కానీ ఆ తన్ను నా పిల్ల నా ఒళ్లో తన్నింది. దాన్ని కూడా తీసుకున్నారు. తీసుకుంటున్నట్టు మీకు తెలియను కూడా తెలియలేదు. చొక్కా గుండీ పెట్టుకున్నంత తేలిగ్గా అన్నారు.” పిండి మీద తన వేళ్ల గుర్తులు చూస్తూ కూర్చుందట. ఇవి కూడా ఇంకాసేపట్లో ఎవరో తినేస్తారు, అనుకుందట.

టీచరమ్మ వెళ్లాక తెర తీసుకుని వచ్చింది.

“ఎవరు నేర్పారని అడిగారుగా. మా ఆవిడ గీస్తుంది అని ఒక్క మాట అనొచ్చుగా” అంది.

“అంటే ఏమొస్తుంది?”

“ఏమీ రాదు. ఉన్నది ఉన్నట్టు ఉంటుంది.”

“అబ్బో! నాలుగు గీతలు గీసినదానికి నీకు డప్పు కొట్టించాలా? రంగు వేసేది నేను.”

అది నూట పదకొండోది. ఆ తర్వాత ఆ మాట అనే అవకాశం నాకు రాలేదు.

టీచరమ్మ వచ్చింది ఊరికే కాదు. బడికి రోడ్డు వైపు పొడుగాటి గోడ ఉంది. బడి ఎప్పుడు పెట్టారు, ఏ గది ఎప్పుడు కట్టారు, ఇక్కడ చదువుకున్న పిల్లలు ఏమేం అయ్యారు, ఇదంతా గోడ మీద రాయించాలట. రెండు కాగితాల నిండా రాసిచ్చి వెళ్లింది.

గోడని ఇంటికి తేలేం కదా. మీ నానమ్మ రోడ్డు మీదికొచ్చి గీయడానికి మా అమ్మ ఒప్పుకోదు. దానికీ ఒక దారి ఉంది. పెద్ద కాగితాల మీద అక్షరాలు గీయాలి. ఆ గీతల వెంట సూదితో చిల్లులు పొడవాలి. ఆ కాగితాన్ని గోడకి ఆనించి, పల్చటి గుడ్డలో కట్టిన బొగ్గుపొడి మూటతో అద్దితే, చిల్లుల్లోంచి పొడి దిగి గోడ మీద నల్లటి చుక్కలు పడతాయి. ఆ చుక్కలు కలిపి రంగు నింపడమే. కాగితాలకి ఒకటి, రెండు అని అంకెలు వేస్తే నేను వరసగా అంటించుకుంటాను.

మీ నానమ్మ ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా కాగితాలు తెమ్మంది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. దారికొచ్చింది అనుకున్నాను.

అయిదు పెద్ద కాగితాలు. ఎనిమిది రోజులు పొడిచింది. ఆఖరి కాగితంలో నాలుగు వరసలు, అన్నీ ఒకే ఎత్తు అక్షరాలు. మూడు టీచరమ్మవి. నాలుగోది ఆమెది.

ఆ నాలుగో వరస పొడుస్తున్నప్పుడు ఆమెకి భయం లేదనుకోకు. రోడ్డు మీద నా పరువు పోతే నేను ఆమెనేం చేస్తాను? మా అమ్మ ఊరుకుంటుందా? పొమ్మంటే ఎక్కడికి పోవాలి? పుట్టింట్లో వాళ్ల అన్నయ్యకే ఇల్లు ఇరుకు. పిల్ల ఎటు? ఒక్కో చిల్లుకి ఒక్కో ప్రశ్న. వేలు చివర సూది దిగి రక్తం వస్తే కాగితానికి అంటకుండా నోట్లో పెట్టుకుని మళ్లీ పొడిచేది. “ఇది రాయకపోయినా మీరు నన్ను బాగానే చూసుకునేవారు. మంచి కుంచెని చూసుకున్నట్టు. అందుకే రాశాను” అని చెప్పింది తర్వాత.

నేను గోడ దగ్గర మూడు రోజులు పని చేశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. చుక్కలు కలిపాను. రంగు నింపాను. ఆఖరి వరస కింద, దర్జాగా, ఎర్రరంగుతో సంతకం పెట్టాను.

మర్నాటినుంచి లోకం మారిపోయింది. టీచరమ్మ ఎదురొచ్చి, “మీరు కలిపిన మాట చూశాను. ఇలాంటి మాట అనడానికి ఎంతమందికి మనసొస్తుంది? అలాగే ఉంచండి” అంది. నాకు ముక్క అర్థం కాలేదు. “మీ దయ అమ్మా” అన్నాను. కూరగాయలమ్మే ఆవిడ, ఎప్పుడూ నాతో గీచిగీచి బేరమాడే మనిషి, రెండు వంకాయలు ఎక్కువేసింది. “ఇంటికి తీసుకెళ్లు, ఆవిడకిమ్మను” అంది. దారిన పోయే ఆడవాళ్లు నన్ను చూసి నవ్వుతున్నారు, మంచిగానే. మూడు రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను. రంగు అంత బాగా కుదిరిందన్నమాట, అనుకున్నాను.

నాలుగో రోజు టీ కొట్లో దిగింది గాలి.

“రా రా మేస్త్రీ, పెద్ద మనసు మారాజువి!” అన్నాడు టీ కొట్టువాడు. పదిమంది ఉన్నారు. “గోడ మీద అట్టడుగున రాశావు చూడు, ‘ఈ అక్షరాలు నా భార్య గీసినవి. రంగు మాత్రమే నాది’ అని, కింద నీ సంతకం. బాగుందయ్యా. మరి ఇన్నేళ్లూ మూలమూలనా నీ పేరొక్కటే గీకావేం?”

అందరూ గొల్లుమన్నారు. నా చేతిలో గ్లాసు వేడి కూడా నాకు తెలియలేదు.

“రాసింది నేనేగా, నాకే చదివి వినిపిస్తావేంటి!” అని నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎట్లా ఉందో నాకే తెలియదు.

నేరుగా ఇంటికి రాలేదు. తెల్లసున్నం బకెట్టు, వెడల్పాటి కుంచె తీసుకుని గోడ దగ్గరికి పోయాను. ఆ ఒక్క వరస కొట్టేస్తే సరి, వాన పడి కారిపోయిందంటాను అనుకున్నాను. కుంచె సున్నంలో ముంచి, వంగి, చూశాను.

అడుగున నాలుగు వరసలు. అన్నీ ఒకే ఎత్తు. అన్నీ బొమ్మలే. అట్టడుగునే అన్నాడు టీ కొట్టువాడు. కానీ ఒక్క వరసేనా, రెండా? ఎక్కడ మొదలు? టీచరమ్మ వరస మీద సున్నం కొడితే నా గుట్టు అక్కడే తేలిపోతుంది. ఎవరినైనా అడుగుదామంటే ఏమని అడగాలి? నా చేత్తో నేనే అంత నున్నగా నింపిన అక్షరాలు. ఎంతసేపు నిలబడ్డానో, కుంచె మీద సున్నం ఎండిపోయింది.

నా బతుకులో అంత చిన్నవాణ్ణి నేనెప్పుడూ అవలేదమ్మా. అప్పుడు తట్టింది, ఇదిగో, తెర వెనక ఉండటమంటే ఇదేనేమో అని. పూర్తిగా తట్టిందని చెప్పను. కొంచెం.

ఇంటికొచ్చాను. ఆమె పొయ్యి దగ్గరుంది. మా అమ్మకి అప్పటికే ఎవరో చెప్పారు. “గోడకెక్కించిందిరా నిన్ను! ఇంకా చూస్తావేంట్రా!” అని అరుస్తోంది.

ఆమె నా చేతిలో బకెట్టు చూసింది. కుంచె మీద ఎండిన సున్నం చూసింది. అంతా అర్థమైపోయింది ఆమెకి.

“ఏ వరస?” అన్నాను.

గరిటె తీసుకెళ్లి మా అమ్మ చేతిలో పెట్టింది. “గిన్నె మాడకుండా చూడండత్తయ్యా, ఇప్పుడే వస్తాను” అంది. మా అమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది, గరిటె పట్టుకుని. చేతులు తుడుచుకున్న గుడ్డ భుజం మీదే ఉంది, పెన్సిలు జుట్టుముడిలోనే ఉంది. ముందు గదిలోంచి, పట్టపగలు, వీధిలోకి నడిచింది.

బడి పిల్లలు అన్నానికి వదిలిన వేళ. గోడ ముందు గుంపు. “ఈవిడేనే!” అని ఒక పిల్ల రెండో పిల్ల చెవిలో అనడం నాకు వినపడింది. మీ నానమ్మ వంగి, గోడ మీద వేలు ఆనించింది.

“ఇదిగో, ఇక్కడ మొదలు. ఇక్కడిదాకా. ఈ ఒక్క వరసే” అంది. నాకు మాత్రమే వినపడేలా అంది. అప్పుడు కూడా నా గుట్టు దాచింది, చూడు. తర్వాత లేచి నిలబడి బకెట్టు నా చేతిలోంచి తీసుకుంది.

“అబద్ధమైతే చెరిపేయండి. బకెట్టు నేను పట్టుకుంటాను.”

కుంచె ముంచాను. చెయ్యి ఎత్తాను. సున్నం చుక్క నా కాలి మీద పడింది, ఇంకో చుక్క పడింది. పిల్లలు చూస్తున్నారు. ఆమె గోడని చూస్తోంది, నన్ను కాదు. అక్షరాలు సరిగ్గా కూర్చున్నాయా లేదా అని చూసినట్టు, పనిమంతురాలు చూసే చూపు. అప్పటిదాకా ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు. ఆమె గీసేటప్పుడు నేనెప్పుడు పక్కన కూర్చున్నాను గనక?

కుంచె దించాను.

“నీ పేరు పెట్టలేదేం మరి?” అన్నాను.

“ఇది మీరు అనాల్సిన మాట. మీకు రాయడం రాదు కదా, రాసిపెట్టాను. నా పేరు నేను వేరే చోట రాసుకుంటాను” అంది గొంతు తగ్గించి, పిల్లలకి వినపడకుండా.

ముందు గదిలోంచి దగ్గు రాలేదు, విన్నావా? అంటే ఇంతవరకూ సరిగ్గానే చెప్పానన్నమాట.

కలిపిన సున్నం పారబోయడమెందుకని ఆ మధ్యాహ్నం మన ముందు గది గోడలకి కొట్టాను. అది ఎండుతుండగానే ఆమె తెర తీసేసింది. ఉతికి, ఆరేసి, నాలుగు ముక్కలుగా చింపి నాకిచ్చింది. “కుంచెలు తుడుచుకోండి. ఇకనుంచి మీవి మీరే కడుక్కోవాలి” అంది. మా అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. మీ నానమ్మ ఆ మూడు రోజులూ చాలా ప్రశాంతంగా గడిచాయంటుంది.

తర్వాత ఒక పొద్దున లేచి చూస్తే, చిన్న రేకు ఒళ్లో పెట్టుకుని ముందు గదిలో కూర్చుని ఉంది. అంచులు తనే గీసింది, రంగు కూడా తనే వేస్తోంది. కుంచెతో రంగు వేయడం ఆమెకదే మొదలు. రెండు చోట్ల రంగు కారింది. కారకుండా ఎట్లా ఆపాలో నాకు తెలుసు. ఆమె అడగలేదు. నేను చెప్పబోయి, ఊరుకున్నాను.

చివర తోక పెట్టింది, ఈసారి మోచెయ్యి తట్టుకోకుండానే. రేకు తీసుకెళ్లి గుమ్మానికి తగిలించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంది.

“ఏం రాశావు?” అన్నాను.

జుట్టుముడిలో పెన్సిలు సర్దుకుంది.

“టీచరమ్మ పిల్లల్ని పంపుతానంది, అక్షరాలు గీయడం నేర్పమని. సాయంత్రం నాలుగింటికి మొదలు. మీరూ రండి. వెనక వరసలో చోటుంది” అంది. “చదవడం వచ్చాక మీరే చూసుకుందురుగాని.”